డాబా మీదికి ఏ కనెక్టర్? నా అనుభవం

కాకినాడలో మా డాబా మీద హామ్ రేడియో (లైసెన్సుతో సరదాగా నడుపుకునే రేడియో) కోసం 144 మెగాహెర్ట్జ్ యాంటెన్నా ఒకటి ఉంది, నేను చేసుకున్నదే. వాన పడితే చాలు, ఎస్‌డబ్ల్యూఆర్ 3 దాటిపోయేది (పంపిన పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె ఇది, 1కి దగ్గరగా ఉంటే మంచిది). రెండ్రోజులు ఎండ కాస్తే మళ్లీ దిగేది. రెడీమేడ్ కేబుల్‌తో వచ్చిన పీఎల్-259 కనెక్టర్ విప్పి చూస్తే లోపలంతా పచ్చటి చిలుము. ఉప్పుగాలి ఊళ్లో ఇది వింతేం కాదు.

హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో అడిగాను. షాపతను రెండు రకాల పీఎల్-259లు తీసి గాజు బల్ల మీద పెట్టాడు. ఒకటి తళతళలాడుతోంది, చవక. రెండోది మసకగా ఉంది, రేటు రెట్టింపు పైమాటే. "రెండూ ఒకటే సార్, మీ ఇష్టం" అన్నాడు.

ఒకటి కాదు. తళతళలాడేది నికెల్ పూత. దానిమీద సోల్డర్ సరిగా పట్టదు, ముందు ఆకురాయితో గీకాలి. మసకది వెండి పూత. నల్లబడినా పని చెడదు, సోల్డర్ ఇట్టే పడుతుంది. నేను ఇంకా ఎక్కువ పట్టించుకునేది మధ్య పిన్ను చుట్టూ ఉండే ఇన్సులేటర్‌ని. కేబుల్ జడను (లోపలి తీగ చుట్టూ ఉండే అల్లికను) కనెక్టర్ బాడీకి సోల్డర్ చేయాలంటే వేడి బాగా ఎక్కించాలి. టెఫ్లాన్ అయితే తట్టుకుంటుంది. నాసిరకం ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను పక్కకు ఒరుగుతుంది. చిన్న అయస్కాంతం కూడా పట్టుకెళ్లాను. గట్టిగా అతుక్కుందంటే లోపల ఇత్తడి లేదు, ఇనుమే.

అయినా వానలో తడిసే చోటికి అసలు పీఎల్-259 ఎందుకు? దాన్ని యూహెచ్ఎఫ్ కనెక్టర్ అంటారు గానీ, ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే ఓమ్స్) నిలకడగా ఉండదు. 144 మెగాహెర్ట్జ్ దగ్గర పర్వాలేదు, 435 దగ్గర తేడా తెలుస్తుంది. పైగా నీళ్లు ఆపే రబ్బరు వాషర్ ఉండదు. ఎన్ టైపు అనే ఇంకో రకం కనెక్టర్‌లో ఆ వాషర్ ఉంటుంది, 50 ఓమ్స్ కూడా నిలకడ. అందుకే యాంటెన్నా సాకెట్‌తో సహా ఎన్ టైపుకి మారిపోయాను. ఇందులో కేబుల్ లావును బట్టి సైజు మారుతుంది. లావు కేబుల్ ఆర్‌జీ-213కి వచ్చేది సన్న కేబుల్ ఆర్‌జీ-58కి పట్టదు. కేబుల్ ముక్క జేబులో వేసుకెళ్లడం మంచిది. 75 ఓమ్స్ రకం అంటగట్టకుండా చూసుకోవాలి. ఆ సాకెట్‌లో మన 50 ఓమ్స్ పిన్ను దూరిస్తే సాకెట్ విచ్చుకుపోతుంది.

బిగించాక మల్టీమీటర్‌తో పిన్నుకీ బాడీకీ షార్ట్ లేదని చూశాను. అవతలి కొసకు డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే 50 ఓమ్స్ రెసిస్టర్) పెట్టి, కనెక్టర్‌ను చేత్తో కదుపుతూ ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ ముల్లు గమనించాను. కదల్లేదు. పైన తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, ఎండ తగలకుండా దానిమీద మామూలు టేపు వేశాను. మొన్నటి వానాకాలమంతా ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 లోపే ఉంది.

రేడియో సెట్ వైపు మాత్రం వెండి పూత పీఎల్-259నే ఉంచాను, సెట్ సాకెట్ అదే మరి. దాని అంచున ఉండే బుడిపెలు సాకెట్ పళ్లలో కూర్చున్నాయో లేదో చూసి బిగించాలి. లేకపోతే ఎంత తిప్పినా నాలుగు రోజులకే వదులైపోతుంది.