ముక్కు ఆపరేషన్‌కు ఏ మత్తు? నా అనుభవం

ముక్కు మీద ప్లాస్టర్ ఇంకా తీయలేదు. తిరుపతిలో ఈ ఆపరేషన్ చేయించుకోవాలనుకునే ఆడపిల్లలకు పనికొస్తుందని, కోపం చల్లారకముందే రాస్తున్నా.

నా ముక్కు దూలం మీద బుడిపె ఉండేది, కొన కిందికి వాలి ఉండేది. సర్జన్‌ను కలవడం, ఫొటోలు, రక్తపరీక్షలు, ఈసీజీ అన్నీ సాఫీగా జరిగిపోయాయి.

తంటా అంతా కౌంటర్ దగ్గరే. "లోకలా, జీఏనా? లోకల్ అయితే ప్యాకేజీ తక్కువ, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు" అంది అక్కడి ఆమె, కూరగాయల బేరంలాగా. లోకల్ అంటే ఆ చోటు మటుకు తిమ్మిరెక్కించే మత్తు, జీఏ అంటే జనరల్ అనస్థీషియా, పూర్తిగా నిద్రపుచ్చే మత్తు. తేడా ఏందని అడిగా. "దాంట్లో మెలకువగా ఉంటావు, దీంట్లో నిద్రపోతావు, అంతే." నాకు చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది, ఏది మేలు అన్నా. ఆమె తలెత్తి, కూర్చున్నోళ్లందరికీ వినపడేలా, "ఏం పాపా, సినిమాల్లో చేరతావా? ముక్కు బాగానే ఉందే" అంది. వెనకాల ఎవరో నవ్వారు. అక్కడితో ఆగిందా? "మీ నాయనను పిలుచుకొని రా, ఏ మత్తో ఆయన చెప్తాడు" అంది.

నాకు 28 ఏళ్లు. పదో తరగతి పిల్లలకు సైన్సు చెప్తా. కట్టే డబ్బు నా జీతంలో దాచుకున్నది. 18 నిండిన మనిషి ఆపరేషన్‌కు నాయన సంతకం దేనికి? ఆ మాటే గట్టిగా అడిగా. మత్తు డాక్టర్‌ను కలవందే సంతకం పెట్టనన్నా. ఆపరేషన్ రోజే వస్తారన్నారు. ముందుగా చూపించుకోవడం గొంతెమ్మ కోరిక కాదు. కుర్చీలోంచి లేవలేదు. చివరికి ఫోన్ చేశారు.

మత్తు డాక్టర్ మేడమ్ నోరు తెరిపించి, మెడ వంచి చూశారు. ఊగే పళ్లున్నాయా, ఇంట్లో ఎవరికైనా మత్తు వికటించిందా, ఇన్‌హేలర్ ఎప్పుడెప్పుడు వాడతావు అని అడిగారు. కొన ఒక్కటే సరిచేసేదైతే లిగ్నోకెయిన్, ఆడ్రినలిన్ ఇంజెక్షన్‌తో తిమ్మిరెక్కించి, కాస్త మగత మందు ఇచ్చి చేయొచ్చట. నాకు మాత్రం దూలం ఎముకను ఉలితో కోసి దగ్గరికి జరపాలి. నొప్పి తెలియకపోయినా ఆ దెబ్బల చప్పుడు, అదురు తెలుస్తాయి. పైగా రక్తం గొంతులోకి జారుతుంది, మగతలో అది ఊపిరిగొట్టంలోకి పోతే ప్రమాదం. జీఏలో ఊపిరిగొట్టంలోకి గొట్టం వేసి, గొంతులో గాజుగుడ్డ పెడతారు కాబట్టి ఊపిరికి అడ్డు ఉండదు. ఆయాసం ఉన్నవాళ్లకు గొట్టం వేసేటప్పుడు ఛాతీ బిగుసుకోవచ్చు గనక ఆ పొద్దున కూడా ఇన్‌హేలర్ తీసుకోమన్నారు. జీఏలోనూ ముక్కులో ఆ ఇంజెక్షన్ ఇస్తారు. ఆడ్రినలిన్ రక్తనాళాలను ముడుస్తుంది, రక్తం తక్కువ పోతుంది. ఇంత విషయం ఉంటే "అంతే" అంటారా!

జీఏకే ఒప్పుకున్నా. 6 గంటల ముందు తిండి, 2 గంటల ముందు నీళ్లు ఆపేశా. లేచాక గొంతు మంట, ఒక వాంతి. ముక్కు నిండా దూది, నోటితోనే ఊపిరి.

వేలూరికో చెన్నైకో పో అన్న చుట్టాలకు ఒకటే చెప్తున్నా: యాడికి పోయినా మత్తు డాక్టర్‌ను ముందే చూపించమని అడగాల్సిందే. ప్యాకేజీ కాగితం చదివే మనిషి మాట మీద చవకని లోకల్‌కు తలూపొద్దు. మత్తు డాక్టర్ ఫీజు ప్యాకేజీలో ఉందో వేరేనో ముందే రాయించుకోండి, నాకు బిల్లులో వేరేగా వేశారు.