సంతకం మాత్రం ఆయనదే

మంగళవారం, రాత్రి పదిన్నర

ఈ రోజు సెలవు పెట్టి బాబాయితో కోర్టుకు వెళ్లి వచ్చాను. సెలవు చీటీలో కారణం 'సొంత పని' అని రాశాను. బ్యాంకులో పనిచేసేవాడు చెక్ బౌన్స్ కేసులో ముద్దాయికి తోడుగా వెళ్తున్నానని రాస్తే బాగుండదు కదా.

బాబాయికి అరవై ఆరేళ్లు. నలభై ఏళ్లుగా పెళ్లి పత్రికలు అచ్చు వేస్తున్నాడు. 2019లో కొత్త మిషను కోసం ఒక ఫైనాన్సు సంస్థలో మూడు లక్షలు అప్పు తీసుకున్నాడు. హామీగా ఐదు ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేసి ఇచ్చాడు. మరుసటి ఏడు కరోనా వచ్చింది, పెళ్లికి యాభై మంది మించకూడదన్నారు. యాభై మందికి పత్రికలు ఎవరు కొట్టిస్తారు? ఫోనులో ఫోటో పంపి ఊరుకున్నారు. కరోనా పోయింది గానీ ఆ అలవాటు పోలేదు. సగం వాయిదాలు కట్టి బాబాయి ఆగిపోయాడు. వాళ్లు ఒక చెక్కు తీసి రెండు లక్షల ఎనభై ఆరు వేలకు నింపి బ్యాంకులో వేశారు. అప్పు వాయిదాలు కట్టలేని మనిషి అప్పటి నుంచి కోర్టు వాయిదాలు తిరుగుతున్నాడు.

పోయినసారి వాయిదా రోజునే పిన్ని వాళ్లమ్మ పెద్దకర్మ పడింది. వకీలుకు చెప్పడం మరిచిపోయాడు. దాంతో నాన్ బెయిలబుల్ వారెంటు వచ్చింది. స్టేషను నుంచి ఫోను చేసిన కానిస్టేబులు మంచివాడు. "పెద్దాయనా, మేము ఇంటికి వస్తే బాగుండదు, మీరే వెళ్లి రీకాల్ చేయించుకోండి" అన్నాడట. ఈ రోజు పని అదే, ఆ వారెంటు రద్దు చేయించుకోవడం.

తొమ్మిదిన్నరకే చేరాం. బల్ల మీద కూర్చున్నాక బాబాయి సంచిలోంచి పాత సమన్లు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది మందం చూశాడు. "అరవై జీఎస్‌ఎం కూడా ఉండదురా. రెండుసార్లు మడిస్తే చిరుగుతుంది" అన్నాడు. ఆ కాగితం తన మీద వచ్చిందన్న బాధకన్నా నాసిరకానిదన్న బాధే ఎక్కువలా ఉంది.

అక్కడ కూర్చుని ఉంటే సత్యం కంప్యూటర్స్ కేసు గుర్తొచ్చింది, అదీ బాబాయి వల్లనే. ఒకప్పుడు మన పత్రికల్లో వరుడి పేరు కింద 'సత్యం కంప్యూటర్స్, హైదరాబాద్' అని ఉంటే ఆ వరస కొంచెం పెద్ద అక్షరాల్లో వేయమని అడిగేవారట. 2009 జనవరిలో ఒకాయన పరుగున వచ్చి, ఆ వరస తీసేసి నాలుగు వందల పత్రికలు మళ్లీ కొట్టమన్నాడట. పాతవాటి డబ్బులు ఇంకా ఇవ్వలేదని బాబాయి ఇప్పటికీ చెబుతాడు.

ఆ ఏడాది జనవరి 7న సత్యం అధినేత రామలింగరాజు రాసిన లేఖ నాకు బాగా గుర్తు. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే ఒప్పుకున్నారు. ఆ లేఖలో ఆయన రాసిన పులి మీద స్వారీ అన్న మాట అప్పటి నుంచే మన నోళ్లలో నానింది. ఏడు వేలకు పైగా దొంగ ఇన్‌వాయిస్‌లు, దొంగ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు సీబీఐ బయటపెట్టింది. రసీదు చేతికిచ్చే ఉద్యోగంలో ఉన్నవాడిని గనుక నన్ను ఆ రసీదుల సంగతే ఎక్కువగా కుదిపింది.

ఆయన జైలుకు వెళ్లలేదనను. 2011 నవంబరులో సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చేలోపు రెండేళ్లకు పైగా నిర్బంధంలోనే ఉన్నారు. రెండు వందలకు పైగా సాక్షులు, మూడు వేలకు పైగా పత్రాలు చూశాక 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు పది మందికి ఏడేళ్ల చొప్పున శిక్ష వేసింది. మే 11న అప్పీలు కోర్టు ఆ శిక్షను నిలిపివేసి బెయిలు ఇచ్చింది. నెల దాటి రెండు రోజులు. ఒప్పుకోలు లేఖ ముందే చేతికి వచ్చిన కేసుకే తీర్పు రావడానికి ఆరేళ్లు పట్టింది. లేఖ రాయనివాళ్ల సంగతి ఇక చెప్పేదేముంది?

బాబాయి కేసులో పత్రాలు లెక్కపెట్టాను. చెక్కు, అది చెల్లలేదని బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో, వకీలు నోటీసు, అది అందినట్టు పోస్టాఫీసు రసీదు. ఇక వేరే సాక్ష్యం పెద్దగా అక్కరలేదు. చెక్కు మీద సంతకం నీదైతే అప్పు ఉన్నట్టే లెక్క, లేదని నువ్వే నిరూపించుకోవాలి. ఖాళీ చెక్కును వేరేవాళ్లు నింపినా అంతేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. శిక్ష రెండేళ్ల వరకు, జరిమానా చెక్కు మొత్తానికి రెండింతల వరకు. బాబాయిది తెలుగు సంతకం, చివరి అక్షరానికి గాలిపటం తోకలా ఒక గీత. దాన్ని ఎవరూ కాదనలేరు, ఆయన అసలే కాదనడు. అక్కడ దొంగ రసీదులు తేల్చడానికి ఏళ్లు పట్టింది, ఇక్కడ సంతకం నిజమైనది కాబట్టే కేసు నాలుగు కాగితాల్లో బిగిసింది.

అయినా ఈ చట్టం ఉత్త చెడ్డదని అనలేను. చిన్న వ్యాపారికి కూడా ఇదే ఆయుధం. బాబాయి బీరువాలోనే ఒక ఈవెంట్ల వాడిచ్చిన పద్దెనిమిది వేల చెక్కు బౌన్సయి పడి ఉంది. వకీలు ఫీజు పదిహేను వేలు చెప్పాడని కేసు వేయలేదు. 2019 ఆఖరుకు దేశంలో పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35 లక్షలకు పైగా ఇవేనట. అందులో వేయకుండా మానుకున్న బాబాయి కేసు లేదు.

పదకొండున్నరకు బంట్రోతు పిలిచాడు. పేరులో దీర్ఘం తినేశాడు, బాబాయి రెండో పిలుపుకు గానీ లేవలేదు. పోయిన వాయిదాకు ఎందుకు రాలేదని మేజిస్ట్రేటు అడిగారు. "అయ్యా, మా అత్తగారు..." అని బాబాయి మొదలుపెట్టేలోపు వకీలు మోచేత్తో పొడిచి తానే అందుకున్నాడు. వారెంటు రీకాల్ అయింది, ఐదు వందలు కట్టమన్నారు, వచ్చే నెలకు వాయిదా వేశారు. అంతా కలిపి నిమిషం పట్టి ఉంటుంది. ఆ మేజిస్ట్రేటును తప్పుపట్టను. ఆ రోజు జాబితాలో డెబ్భైకి పైగా పేర్లున్నాయి.

నాకు మాత్రం బ్యాంకులో మాకు వచ్చిన ఒక సర్క్యులర్ మెదిలింది. ఖాతాను మోసం అని ప్రకటించే ముందు అప్పు తీసుకున్నవాళ్ల వాదన వినాలని 2023 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. మన తెలంగాణ హైకోర్టులో మొదలైన కేసే అది. న్యాయమైన మాటే, కాదనను. అదే ఏడు జూన్‌లో మరో సర్క్యులర్ వచ్చింది. ఉద్దేశపూర్వక ఎగవేతదారులతోనూ, మోసంగా తేలిన ఖాతాలతోనూ బ్యాంకులు రాజీ కుదుర్చుకోవచ్చని రిజర్వు బ్యాంకు అంది. క్రిమినల్ కేసు మాత్రం దాని దారిన అది నడుస్తుంది. బాబాయి రాజీకి రెండుసార్లు వెళ్లాడు. అసలు మొత్తం ఒకే దఫా కట్టమన్నారు.

బయటికొచ్చి టీ తాగుతుంటే బాబాయి అడిగాడు, "ఆ విమానాల ఆయనకు కూడా వారెంటు ఇచ్చారా?" అని. కింగ్‌ఫిషర్ విజయ్ మాల్యా గురించి. ఆయన మీద 2015 అక్టోబరులో సీబీఐ ఇచ్చిన లుకౌట్ నోటీసులో కనిపిస్తే ఆపమని ఉంది, నవంబరులో దాన్ని సమాచారం ఇస్తే చాలని మార్చారు, 2016 మార్చి 2న ఆయన విమానమెక్కారు అని చెప్పాను. బాబాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మన కానిస్టేబులు కూడా సమాచారమే ఇచ్చాడులే" అని నవ్వాడు.

వెళ్లే ముందు వకీలు కొత్త వకాలత్, అంటే తనకు వాదించే అధికారమిచ్చే కాగితం, తెచ్చి సంతకం పెట్టమన్నాడు. పేరు, కేసు నంబరు ఏవీ నింపలేదు. బాబాయి పెన్ను తీసుకుని, కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, పెన్ను తిరిగిచ్చేశాడు. "ముందు నింపండి బాబూ." వకీలుకు కోపం వచ్చింది, వేరే కోర్టులో పని ఉందన్నాడు. అయినా బల్ల అంచు మీద పెట్టి నింపాడు. బాబాయి ఒక్కో గడీ మీద వేలు పెట్టి చదివి, అప్పుడు తోక గీతతో సహా సంతకం చేశాడు.

రేపు పొద్దున నా బల్ల మీద ఏడు బంగారం వేలం నోటీసులు ఉంటాయి. సోమవారమే రావలసినవి, ప్రింటరు పాడై ఆగాయి. ఏడింటి మీదా నేనే సంతకం పెట్టాలి. ఆ ఏడుగురిలో ఒకామె ఖాతా తెరిచిన రోజు గుర్తుంది. సంతకం రాదంటే ఇంకు పెట్టె నేనే ముందుకు జరిపాను.