రెండు 4895లు ఒకటి కావు: 308కి పౌడర్ మార్చుకున్న నా అనుభవం

నా 308 విన్‌చెస్టర్ రైఫిల్ తూటాలు నేనే నింపుకుంటాను. వాటిలో పోసే మందు (పౌడర్) ఐఎంఆర్ 4895 టెక్సస్‌లో దొరక్క, హాడ్గ్‌డన్ కంపెనీ హెచ్ 4895 డబ్బా తెచ్చుకున్నాను. నంబర్ ఒకటే, మందు వేరు. గరాండ్ రైఫిల్ తూటాల కోసం అమెరికా సైన్యం వాడిన 4895 యుద్ధం తర్వాత మిగిలిపోతే బ్రూస్ హాడ్గ్‌డన్ కొని అమ్మాడు. ఆ నంబర్ ఆయన డబ్బా మీద అలాగే ఉండిపోయింది.

కాబట్టి పాత ఛార్జి (ఒక తూటాకు పోసే మందు తూకం) పక్కన పెట్టేసి, హాడ్గ్‌డన్ పట్టికలో 308 విన్‌చెస్టర్, 168 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) బుల్లెట్‌కి హెచ్ 4895 వరస చూసి కనీస ఛార్జితో మొదలుపెట్టాను. బర్న్ రేట్ (మందు కాలే వేగం) పట్టికలో పక్కపక్కన ఉన్నాయని ఒకదాని లెక్క ఇంకోదానికి వాడకూడదు. అది వరస చెబుతుందే గాని మధ్య ఎడం ఎంతో చెప్పదు.

పోల్చాలంటే మందు తప్ప ఏదీ మారకూడదు. అవే కేసులు (తూటా ఇత్తడి గొట్టాలు), అదే పెట్టెలోని ప్రైమర్లు (మందును అంటించే చిన్న టోపీలు), అదే బుల్లెట్, తూటా మొత్తం పొడవు 2.800 అంగుళాలు. 0.3 గ్రెయిన్ చొప్పున పెంచుతూ మెట్టుకు ఐదేసి తూటాలు, పక్కన బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్. గరిష్ఠ ఛార్జికి చేరకముందే పట్టికలోని గరిష్ఠ వేగం వచ్చేసిందా, అక్కడే ఆగాలి. ఒత్తిడి అప్పటికే పైకి వెళ్లినట్టే. బోల్ట్ (రైఫిల్‌ను వెనక తెరిచి మూసే భాగం) బిగుసుకున్నా, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి తోసే భాగం) గుర్తు పడినా అంతే. ప్రైమర్ చదునవడమూ ఒత్తిడికి గుర్తే గాని, దాన్నొక్కదాన్నే నమ్మను.

ఈ మందు చిన్న పుల్లముక్కల్లా ఉంటుంది. పౌడర్ మెజర్ (మందు కొలిచి పోసే పరికరం) డ్రమ్ అంచున ముక్క తెగితే చేతికి తెలుస్తుంది. ఆ ఛార్జి వెనక్కి పోసి మళ్లీ తూచాలి. ఐఎంఆర్ 4064 అనే ఇంకో మందు ముక్కలు ఇంకా పొడుగు, విసుగు కూడా ఎక్కువే. హెచ్ 4895 ఎండకు పెద్దగా మారదు. ఐఎంఆర్‌తో జనవరిలో తేల్చిన ఛార్జిని జూలైలో మళ్లీ చూసుకోవాల్సిందే.

పేర్లు వేరైనా మందు ఒకటే అయినవీ ఉన్నాయి: హెచ్ 110, విన్‌చెస్టర్ 296 ఒక జత, అలాగే హెచ్‌పీ 38, విన్‌చెస్టర్ 231 ఇంకో జత. అయినా రెండు డబ్బాలు కలపను. హెచ్ 4895 ఛార్జిని గరిష్ఠ ఛార్జిలో 60 శాతం మిగిలేదాకా తగ్గించవచ్చని, అంతకంటే కిందకి వద్దని కంపెనీయే చెబుతుంది. హెచ్ 110ని 3 శాతం మించి తగ్గించవద్దంటుంది. తగ్గిస్తే సరిగా అంటుకోక బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కోవచ్చు.

308లో 4895 కేసును దాదాపు నింపేస్తుంది, రెండోసారి పోస్తే పొర్లిపోతుంది. 38 స్పెషల్ అనే రివాల్వర్ తూటాలో హెచ్‌పీ 38 అలా కాదు, రెండింతలు పడినా పట్టేస్తుంది. అందుకే బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ టార్చి వేసి చూస్తాను.

బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా. పని అయ్యాక మెజర్‌లో మిగిలింది అదే డబ్బాలోకి. ఏ డబ్బాదో అనుమానం వస్తే ఆ మందు ఇక తూటాలోకి పోదు.