తాబోలో అరువు టార్చిలైటు

హిమాచల్‌లోని స్పితి లోయకి వెళ్లొచ్చామనగానే అందరూ అడిగేది కీ గోంపా ఫొటో, అక్కడి బౌద్ధ మఠం. కొండ మీద తెల్ల డబ్బాలు పేర్చినట్టుంటుందే, అదే. చూశాం, బాగుంది, ఫొటోలూ బోలెడున్నాయి. నేను చెప్పాలనుకున్నది మాత్రం అదే లోయలో తాబో అనే ఊళ్లో ఉన్న పాత బౌద్ధ గుడి గురించి. ఆ గుడి లోపలి ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదు.

షిమ్లా, రాంపూర్ సంగతి వదిలేద్దాం. రెకాంగ్ పియోలో టాక్సీ అతను తాబో దాకా ఆరు వేలు అన్నాడు. పొద్దున్నే వెళ్లే కాజా బస్సులో అయితే ఇద్దరికీ కలిపి వెయ్యి కూడా అవదు. "టాక్సీలో పోదాం బావా, నడుం పడిపోద్ది" అని మా బావమరిది మొత్తుకున్నా నేను వినలేదు. ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలిసే చోటు దాటాక పచ్చదనం అక్కడక్కడా తప్ప కనపడదు. ఆ పైన అంతా బూడిద రంగు కొండలే. మలింగ్ నాలా దగ్గర రాళ్లు జారి రెండు గంటలు ఆగిపోయాం. జేసీబీ రోడ్డు మీది రాళ్లు తోస్తోంది, పైనుంచి చిన్నచిన్నవి ఇంకా దొర్లుతూనే ఉన్నాయి. మా డ్రైవరేమో బండ మీద కూర్చుని ఎవరి పెళ్లి గురించో ఫోన్లో మాట్లాడుకుంటున్నాడు. నాకు టెన్షన్. బావమరిది ఇదంతా వీడియో తీస్తున్నాడు. తన ఫోను అయిపోతే నాది, అదీ నీరసపడితే పవర్ బ్యాంకు. రాత్రి తాబోలో దిగేసరికి ఊళ్లో కరెంటు లేదు, తెల్లారినా రాలేదు.

అలా రెండు చచ్చిన ఫోన్లతో పొద్దున గుడికి వెళ్లాం.

చూడగానే ఉసూరుమన్నాను. కొండ మీద ఠీవిగా ఉంటుందనుకుంటే, ఊరి పక్కన చదును నేల మీద మట్టి దిబ్బల్లాంటి కట్టడాలు. కిటికీల్లేవు, రంగుల్లేవు. అమ్మమ్మగారి ఊళ్లో గొడ్లచావిడి గోడలు గుర్తొచ్చాయి. ఇంతా చేస్తే అది 996లో కట్టింది. పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యపు రాజు యేషే ఓద్ కట్టించాడు, ఆయన వంశంలోనే జాంగ్‌చుబ్ ఓద్ 1042లో బాగు చేయించాడు. అంటే రెండోసారి మెత్తే నాటికి ఇక్కడ రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలుతున్నాడు. 1975లో కిన్నౌర్ భూకంపానికి దెబ్బతింది గానీ కూలిపోలేదు. వానలు పెద్దగా పడని చోటు కాబట్టి మట్టి నిలిచింది, నిజమే. అయినా పన్నెండేళ్లకే పైకప్పు కారుతున్న మా అపార్ట్‌మెంట్ గుర్తొచ్చి కడుపు మండింది.

లోపల ఫొటోలు తీయకూడదని బోర్డుంది. మాకు ఆ బాధ ఎలాగూ లేదు. అసలు బాధ చీకటి. పైకప్పులో ఒకచోట నుంచి పడే కాస్త వెలుతురు తప్ప ఏమీ లేదు. గుమ్మం దాటాక కాసేపు బావమరిది భుజం పట్టుకుని నిలబడ్డాను. రెండు వేల కిలోమీటర్లు వచ్చింది చీకటి చూడ్డానికా అని వాడి మీద విసుక్కుంటుంటే, తలుపు దగ్గర కూర్చున్న పెద్దాయన, లామాజీ, లేచి వచ్చి తన టార్చి నా చేతిలో పెట్టారు. రబ్బరు బ్యాండు చుట్టిన పాత టార్చి. వెలుగు పళ్లెమంత పడుతోంది.

ఆ పళ్లెంలోకి ముందు ఒక చెయ్యి వచ్చింది. తర్వాత భుజం, ఆ తర్వాత సగం మూసిన కళ్లు. గోడకి అంటుకుని, గాల్లో కూర్చున్నట్టు మనిషంత విగ్రహాలు, ముప్పైకి పైనే. రాయి కాదు, అవీ మట్టివే. నడుమ నాలుగు దిక్కులకీ చూస్తున్న వైరోచన బుద్ధుడు. విగ్రహాల కింద గోడ పొడవునా బొమ్మలు, జ్ఞానం కోసం సుధనుడనే కుర్రాడు గురువు తర్వాత గురువుని వెతుక్కుంటూ వెళ్లే కథ, బుద్ధుడి జీవితం. ఏదీ మొత్తంగా కనపడదు. టార్చి జరిపితే ఇప్పటిదాకా చూసింది చీకట్లోకి పోతుంది. చిన్నప్పుడు గుళ్లో పూజారి హారతి పైకెత్తినప్పుడు స్వామి ముఖం ఒక్క క్షణం కనపడి పోయేది, పెద్దవాళ్ల మధ్య మునివేళ్ల మీద లేచి చూసేవాణ్ణి. ఇప్పుడు ఆ గుళ్లో ట్యూబులైట్లు పెట్టారు.

బయటికొచ్చాక లామాజీ హిందీలో ఏ ఊరని అడిగారు. హైదరాబాద్ అంటే ఊరికే తలూపారు. "అసలు ఊరు గుంటూరు, అమరావతి పక్కనే" అన్నాడు బావమరిది.

"అమరావతా!" ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. 2006 జనవరిలో దలైలామా కాలచక్రం అనే టిబెటన్ బౌద్ధ దీక్ష ఇచ్చినప్పుడు అక్కడికి వచ్చారట. బుద్ధుడు కాలచక్రం బోధించింది ధాన్యకటకంలోనే, అంటే మన అమరావతి దగ్గరే అని వాళ్ల నమ్మకం. ఆ పేరునే టిబెటన్లో డ్రెపుంగ్ అంటారు, అంటే వరి రాశి. లాసాలో ఉన్న పెద్ద మఠానికి పెట్టుకున్నది కూడా మన ఊరి పేరే. ఇది నాకు తాబోలో తెలిసింది, సిగ్గు పడాలి. ఆయనకి ఇంకో రెండు గుర్తున్నాయి. జనవరిలో చెమట, పచ్చడి కారం. కారం మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ కళ్లు తుడుచుకున్నారు.

"ఇప్పుడు స్తూపం ఎలా ఉంది?" అన్నారు.

అమరేశ్వరుడి గుడికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. స్తూపం దగ్గరికి వెళ్లింది మాత్రం ఎనిమిదో తరగతి ఎక్స్‌కర్షన్‌కి, ఒక్కసారే. పాతవాళ్లు దాన్ని దీపాలదిన్నె అనేవారు. శిల్పాలు చాలావరకు చెన్నైకి, లండన్‌కి వెళ్లిపోయాయని సారు చెప్పడం గుర్తుంది, అంతకంటే బాగా పులిహోర పొట్లం గుర్తుంది.

"బాగుంది లామాజీ" అని టార్చి తిరిగిచ్చేశాను.

బస్టాండు పక్కన పరాఠాలు తింటుంటే బావమరిది అడిగాడు, "బావా, నువ్వసలు స్తూపం ఎప్పుడు చూశావ్?"

"పరాఠా నూట ఇరవై అంట, మాట్లాడకుండా తిను" అన్నాను.