మెట్లు ఎక్కించడం ఆపారు, సంతోషం

బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2021 అక్టోబర్ 29న ఎంఈ/సీఎఫ్‌ఎస్ అనే దీర్ఘకాలిక తీవ్ర నీరసం జబ్బుకు కొత్త మార్గదర్శకాలు విడుదల చేసినప్పుడు చాలామంది రోగులు ఊపిరి పీల్చుకున్నారు. అవి ఆగస్టులోనే రావాల్సింది. విడుదలకు ముందురోజు ఆపేయడంతో, 2007 నాటి పాత పద్ధతే మళ్లీ నెత్తిన పడుతుందేమోనని భయపడ్డారు.

ఆ పాత పద్ధతి పేరు గ్రేడెడ్ ఎక్సర్‌సైజ్ థెరపీ. రోజుకు ఇంత నడక అని మొదలుపెట్టి, లక్షణాలు ఎలా ఉన్నా లెక్క ప్రకారం పెంచుకుంటూ పోవాలి. కదలక ఒళ్లు పట్టు తప్పింది, కదిలితే సర్దుకుంటుంది అన్నది దాని వెనకున్న నమ్మకం. కానీ ఈ జబ్బులో శ్రమ దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. సోమవారం పది నిమిషాలు నిలబడి తలస్నానం చేసిన మనిషి ఆ సాయంత్రం బాగానే ఉంటారు. మంగళవారం ఇంకో రెండు నిమిషాలు పెంచుతారు. బుధవారం పొద్దున కర్టెన్ సందులోంచి పడే వెలుతురు కూడా భరించలేరు. మొదటి దెబ్బ బయటపడేలోపే రెండో మెట్టు ఎక్కించేశారన్నమాట. ఈ చికిత్సకు చూపిన ఆధారాల నాణ్యత తక్కువ, లేదా మరీ తక్కువ అని నైస్ కమిటీయే తేల్చింది.

ఇప్పుడు చెబుతున్నది శక్తిని పొదుపుగా వాడుకోవడం. ముందు పనీ, విశ్రాంతీ, లక్షణాలూ రాసిపెట్టుకోవాలి. ఏ పని తర్వాత రెండు రోజుల్లోపు కుదేలయ్యారో వెనక్కి వెళ్లి చూడాలి. ఆ హద్దుకు కాస్త దిగువనే ఆగాలి. చదవడం, ఫోన్‌లో మాట్లాడటం, కోపం తెచ్చుకోవడం కూడా శ్రమ కిందే లెక్క. చాలామంది పొరపాటు ఇక్కడే జరుగుతుంది: ఒంట్లో బాగున్న రోజున వారం పనులన్నీ ముందేసుకుంటారు.

రోగులందరూ ఒకే మాట మీద లేరు. ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడానికి సాయపడే మాటల చికిత్స సీబీటీని జబ్బు నయం చేసేదిగా కాక, తట్టుకోవడానికి తోడుగా మాత్రమే ఉంచారు. అసలు ఉంచడమే కొందరికి నచ్చలేదు. కోరుకున్నవారికి నిపుణుల పర్యవేక్షణలో శారీరక శ్రమ కార్యక్రమం ఉండొచ్చన్న వాక్యం పాత చికిత్సకు దొడ్డిదారి అవుతుందని ఇంకొందరి అనుమానం. మా దృష్టిలో ఆ అనుమానం న్యాయమైనదే. అందుకే ఎవరైనా వ్యాయామ పట్టిక చేతిలో పెడితే ఒక్క ప్రశ్న అడగండి: లక్షణాలు పెరిగితే దీన్ని తగ్గిస్తారా? తగ్గించం అంటే అది కొత్త మార్గదర్శకాల ప్రకారం లేనట్టే.

రోగ నిర్ధారణకు ఇప్పుడు లక్షణాలు మూడు నెలలు ఉంటే చాలు. పెద్దల్లో ఆరు వారాలకే, పిల్లల్లో నాలుగు వారాలకే అనుమానించాలి. అనుమానం వచ్చిన రోజు నుంచే శక్తి పొదుపు సలహా ఇవ్వాలి, నిర్ధారణ దాకా ఆగనక్కర్లేదు.