పచ్చాకు బొమ్మ వెనక ఏముందో చూశాను

మా అమ్మాయికి చలికాలంలో చర్మం పగులుతుంది. నాలుగేళ్లుగా ఒకే కంపెనీ లోషన్ వాడుతున్నాం. సీసా మీద పచ్చాకు బొమ్మ, పక్కన 'భూమికి మేలు' అన్న మాట. ఆ మేలేంటో తేల్చుకుందామని సంక్రాంతి సెలవుల్లో కూర్చున్నాను.

ముందు ఖాళీ సీసా పట్టుకున్నాను. అడుగున త్రికోణంలో 1 అంకె ఉంది, అంటే పెట్ ప్లాస్టిక్. పంపును కత్తెరతో విప్పదీస్తే స్టీలు స్ప్రింగు, ఆవగింజకన్నా కాస్త పెద్ద గాజు గోళీ, రెండు మూడు రకాల ప్లాస్టిక్ ముక్కలు బయటపడ్డాయి. అన్నీ తీసుకెళ్లి వీధి చివర పాత సామాన్ల కొట్టాయనకి చూపించాను. "సీసా కడిగి తెండమ్మా, తీసుకుంటా. ఈ పంపు నాకొద్దు, ఎవరూ కొనరు" అన్నాడు. అట్టపెట్టె మీదేమో 'పూర్తిగా రీసైకిల్ అవుతుంది' అని ఉంది! నాకు నిజంగా కోపం వచ్చింది.

తర్వాత వెనకవైపు చిన్నక్షరాలు చదివాను. పామ్ అన్న మాటే లేదు. గ్లిజరిన్, సెటియరిల్ ఆల్కహాల్, గ్లిజరిల్ స్టియరేట్ మాత్రం ఉన్నాయి. ఇవి పామాయిల్ నుంచీ రావచ్చు, వేరే నూనెల నుంచీ రావచ్చు. పేరు చూసి పోల్చుకోలేం, అడగాల్సిందే. ఇండోనేషియా, మలేషియాల్లో పామ్ తోటల కోసం ఎంత అడవి కొట్టేశారో తెలిశాక అడక్కుండా ఊరుకోలేకపోయాను.

కంపెనీకి మెయిల్ పెట్టాను. మొదటి జవాబులో ప్రకృతి మీద ప్రేమ తప్ప ఏమీ లేదు. పర్యావరణం పేరు చెప్పి అమ్మేవాళ్లు ఆధారాలు చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సంగతి గుర్తుచేస్తూ మళ్లీ రాశాను. ఈసారి అసలు విషయం చెప్పారు: పామాయిల్‌కి ఆర్‌ఎస్‌పీవో సర్టిఫికెట్ (అడవులు పాడుచేయకుండా పద్ధతిగా పండించారని ఇచ్చేది) ఉంది, కానీ 'మాస్ బ్యాలెన్స్' పద్ధతిలో. అంటే పద్ధతిగా పండించిన నూనె, మామూలు నూనె ఒకే ట్యాంకులో కలిసిపోతాయి, ఎంత కొన్నారన్న లెక్క మాత్రం తప్పకుండా ఉంచుతారు. పాల కేంద్రంలో అందరి పాలూ ఒకే క్యానులో పోసి, ఎవరి లీటర్లు వాళ్ల పుస్తకంలో రాసినట్టు. మన సీసాలోకి ఏ తోట నూనె వచ్చిందో చెప్పలేరు. అయినా ఏ లెక్కా లేనిదానికన్నా ఇది నయమే, దాన్ని కొట్టిపారేయను. పంపు గురించి మాత్రం జవాబు రాలేదు.

ఇంకొకటి కూడా తెలిసింది. ఫేస్‌వాష్‌లాగా కడిగేసుకునేవాటిలో సీసాకన్నా, లోపలి సరుకుకన్నా ఎక్కువ కార్బన్ భారం మనం కాచుకునే వేణ్ణీళ్లదే. అది కంపెనీని అడిగేది కాదు, మా ఇంటి గీజర్ సంగతి. ఇప్పుడు ముఖం వరకూ చన్నీళ్లే.

లోషన్ మార్చలేదు. అదే సైజులో మామూలు మూత సీసా కూడా దొరుకుతుంది, అది కొంటున్నాను. ఇంట్లో మిగిలిన ఇంకో పంపుని వేడినీళ్లలో కడిగి, బాగా ఆరాక దానికి బిగిస్తున్నాం. ఇది మూడో సీసా. స్ప్రింగు ఇంకా గట్టిగానే ఉంది.