కంపెనీ పుట్టింది, బిల్లు పుట్టలేదు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు యజమాని మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకుంటానన్నారు. "డబ్బు రేపే వేస్తాను బాబూ, కంపెనీ పేరు మీద బిల్లు ఇవ్వు" అన్నారు. అప్పటికి మాకు కంపెనీ ఎక్కడిది? నేనూ నా స్నేహితుడూ, రెండు లాప్‌టాప్‌లూ, కూకట్‌పల్లిలో ఒక అద్దె పోర్షనూ, అంతే.

ప్రైవేట్ లిమిటెడ్‌కు కనీసం ఇద్దరు డైరెక్టర్లు కావాలి. సరిగ్గా ఇద్దరమే ఉన్నాం. కనీస మూలధనం నిబంధన 2015లోనే పోయింది కాబట్టి లక్ష రూపాయలతో సరిపెట్టాం. డిజిటల్ సంతకాలు తీసుకుని, 1,000 రూపాయలు కట్టి కంపెనీ నమోదుకు వాడే స్పైస్ ప్లస్ ఫారంలో రెండు పేర్లు పంపాం. రెండూ తిరిగొచ్చాయి. ఒకటి ఉన్న కంపెనీ పేరుకు దగ్గరగా ఉందట, రెండోది ఎవరిదో ట్రేడ్‌మార్కు. ముందే వెతికి చూసుకోవచ్చు. వెతికిపెట్టే ప్రోగ్రాములు రాసే మాకే ఆ ఆలోచన రాలేదు.

కంపెనీ చిరునామాగా మా అద్దె పోర్షనే ఇచ్చాం. ఇంటి యజమానురాలు నిరభ్యంతర పత్రాన్ని మూడుసార్లు చదివారు. "సంతకం పెడితే ఇల్లు మీ కంపెనీది అయిపోదు కదా నాయనా?" అన్నారు. కరెంటు బిల్లు రెండు నెలలకు మించి పాతదై ఉండకూడదు. ఆవిడ వెతికి వెతికి పోయిన సంక్రాంతి నాటిది తెచ్చారు.

చివరకు పాన్, టాన్ (పన్ను కోతకు వాడే నంబరు)లతో సహా కంపెనీ నమోదు సర్టిఫికెట్ వచ్చింది. మిఠాయిలు పంచాం. ఆడిటరు గారు ఒకటి నోట్లో వేసుకుని, "ఇంకా వ్యాపారం మొదలుపెట్టకూడదు" అన్నారు. వాటాల డబ్బు కంపెనీ ఖాతాలో పడాలి, 180 రోజుల్లో ఐఎన్‌సీ-20ఏ అనే వ్యాపార ప్రారంభ ప్రకటన ఫారం దాఖలు చేయాలి. తప్పితే కంపెనీకి 50,000 జరిమానా, డైరెక్టర్లకు రోజుకు 1,000 చొప్పున వేరే.

ఖాతా దగ్గరే అసలు కథ. నా సంతకం పాన్ కార్డుతో కలవడం లేదని బ్యాంకువారు రెండుసార్లు తిప్పి పంపారు. అది డిగ్రీలో ఉండగా పెట్టిన సంతకం. చివర పాము తోకలాంటి మెలిక ఉంటుంది. ఇప్పుడు నా చెయ్యి అలా తిరగదు. ఒక రాత్రంతా నోటుబుక్కులో నా సంతకాన్నే నేను దొంగసంతకంలా సాధన చేశాను. మూడోసారి కలిసింది.

ఇద్దరం చెరో యాభై వేలు వేశాం, ఫారం వెళ్లింది. ఒకటో నంబరు బిల్లు మా సాఫ్ట్‌వేర్‌లోనే తీసి పంపాను. సాయంత్రం ఫోను వచ్చింది.

"బాబూ, మా మిల్లు పేరుకు ముందు శ్రీ ఉండాలి."